బోరు లేని ఆడమనిషికి కుళాయే బోరు
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, తిరిగి చెల్లింపుల లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. వాటినే మళ్లీ చదివి మీ టైం తీసుకోము. ఈ ఏడాది గ్రామ సంఘాల మీటింగుల్లో అప్పుల మాట కంటే గట్టిగా వినిపించిన మాట ఒకటుంది. అది నీళ్ల మాట. దాని గురించే ఈ రోజు మాట్లాడదామని కార్యవర్గం అనుకుంది.

ఆ మాట మా దగ్గరికి రెండు రకాలుగా వచ్చింది. కొందరు అక్కలు వచ్చి, "కుళాయి నీళ్లన్నీ బర్రెలకే పోతున్నాయి, మా వీధికి బిందె నీళ్లు రావట్లేదు, ఆపించండి" అన్నారు. ఇంకొందరు వచ్చి, "బర్రె కొనుక్కోమని అప్పు ఇచ్చింది సంఘమే, దానికి నీళ్లు పెట్టొద్దంటే ఎట్లా? కంతు ఎవరు కడతారు?" అన్నారు. రెండు మాటలూ అన్నది మన సభ్యులే. రెండింట్లోనూ న్యాయం ఉంది. అందుకే ఎవరి తప్పు అని వెతకడం కాదు, నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఎవరికి ఎన్ని కావాలి, ఏ వరుసలో ఇవ్వాలి అని మనం లెక్క వేసుకోవాలి.

ముందు ఒక విషయం ఒప్పుకుందాం. కుళాయి నీళ్లు తాగడానికి, వంటకి మాత్రమే వాడే ఊరు ఎక్కడా లేదు. ఆ నీళ్లతోనే బర్రెకి కుడితి కలుపుతాం. మేకలకి, గొర్రెలకి, కోళ్లకి పెడతాం. ఇడ్లీ బండి నడిపే అక్క పప్పు నానబెట్టేది, గిన్నెలు కడిగేది ఆ నీళ్లతోనే. బట్టలు ఉతికి బతికే కుటుంబాలున్నాయి. పెరట్లో నాలుగు వంకాయ చెట్లు, ఒక బొప్పాయి, కరివేపాకు చెట్టు పెంచుకునేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ సరదా పనులు కావు. సంఘం కంతు కట్టేది, పిల్లల ఫీజు కట్టేది ఈ పనుల మీదే.

పొలం ఉన్న ఇంటికి బోరు ఉంటది. వ్యవసాయ బోరుకి కరెంటు ఉచితం. పొలం లేని ఆడమనిషికి బోరు యాడుంది? ఆమెకి ఉన్నది ఇంటి ముందు కుళాయి ఒక్కటే. ఆమె పాడి, ఆమె బండి, ఆమె పెరడు అన్నీ దాని మీదే నడవాలి. అందుకే మేము అంటున్నాం, బోరు లేని ఆడమనిషికి కుళాయే బోరు. కుళాయి నీళ్లు ఇంటి వాడకానికి తప్ప దేనికీ వాడొద్దని ఒక్కమాటలో కట్టడి పెడితే, ముందుగా దెబ్బ తగిలేది భూమి లేని ఆడవాళ్లకే. అలాగని ఎవరిష్టం వాళ్లదని వదిలేస్తే, దెబ్బ తగిలేది పైపు చివర ఉన్న వీధికి. చాలా ఊళ్లల్లో ఆ చివర ఉండేది ఎస్సీ కాలనీయో, తర్వాత కట్టిన ఇళ్ల కాలనీయో. వాళ్లూ మన సభ్యులే. ఈ రెండు దెబ్బలూ తగలకుండా నడపడమే మన ముందున్న పని.

ప్రభుత్వం లెక్క

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఇంటికీ కుళాయి ఇచ్చి, మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు ఇవ్వాలని పెట్టారు. తెలంగాణలో మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి 100 లీటర్ల లెక్క పెట్టుకున్నారు. ఎక్కడైనా ఈ లెక్క మనుషులకే. తాగడం, వంట, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. మన బర్రె ఆ కాగితంలో లేదు. మన ఇడ్లీ బండీ లేదు.

అయితే పశువులను లెక్కలోకి తీసుకోవడం కొత్త మాటేం కాదు. అంతకుముందు మనిషికి 40 లీటర్ల లెక్క ఉన్న రోజుల్లో, ఎడారి అభివృద్ధి పథకం ఉన్న ప్రాంతాల్లో పశువుల కోసం తలకు ఇంకో 30 లీటర్లు చేర్చాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉండేది. మన అనంతపురం ఆ పథకం కింద ఉన్న జిల్లానే. కాబట్టి గ్రామసభలో లేచి "మా పశువులను కూడా లెక్క కట్టండి" అని అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. ఒకప్పుడు ఒప్పుకున్న సంగతినే మళ్లీ అడుగుతున్నాం.

మన లెక్క

ఇప్పుడు మనమే ఒక లెక్క వేద్దాం. పలక మీద వేసుకునేంత సులువైన లెక్క. ఇంట్లో ఐదుగురు ఉన్నారనుకోండి. మనిషికి 55 చొప్పున 275 లీటర్లు. పాలిచ్చే బర్రె తాగేదే రోజుకు 60 నుంచి 80 లీటర్ల దాకా ఉంటది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. రెండు బర్రెలకి 150 లీటర్లు అనుకుందాం. మేకకి, గొర్రెకి నాలుగైదు లీటర్లు చాలు. పెరటి తోట ఒక్క సెంటు ఉంటే, ఎండలో రోజుకు 200 లీటర్లు పట్టుద్ది. అంటే రెండు బర్రెలు, ఒక సెంటు తోట ఉన్న ఇంటికి 275 కాదు, 625 లీటర్లు కావాలి.

ఇప్పుడు ఊరు మొత్తం చూద్దాం. వంద ఇళ్ల ఊరు అనుకుందాం. మనుషులకు రోజుకు 27,500 లీటర్లు. అందులో 50 ఇళ్లకు రెండేసి బర్రెలు ఉంటే వాటికి 7,500 లీటర్లు. రెండూ కలిపి 35,000. ఊళ్లో 40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే, రోజుకు ఒకసారి నింపితే సరిపోతుంది. అదే 50 ఇళ్లవాళ్లు సెంటు చొప్పున తోటలకి కూడా మంచి నీళ్లే పెడితే ఇంకో 10,000 లీటర్లు కలిసి 45,000 అవుతుంది. ట్యాంకు చాలదు. చాలకపోతే ఎండేది ఎవరి బిందె? చివరి వీధి బిందె.

ఈ లెక్కలో మనకి మూడు సంగతులు తెలుస్తున్నాయి. ఒకటి, పశువులకు నీళ్లు పెట్టడం వల్లే ఊరు ఎండిపోదు, ముందే లెక్కలో పెట్టుకుంటే చాలు. రెండు, తోటకి ట్యాంకు నీళ్లు పెట్టకూడదు, ఇంట్లో వాడిన నీళ్లే మళ్లించాలి. స్నానం నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కలిపితే ఇంటికి వచ్చిన 275 లీటర్లలో సగం పైనే అవుతాయి. సబ్బు నీళ్లు అరటికి, బొప్పాయికి, కొబ్బరికి, అవిసెకి పోయేలా చిన్న కాలువ తీయండి. పచ్చిగా తినే ఆకులకి, కొత్తిమీరకి మాత్రం పెట్టొద్దు. మూడు, లెక్క వేయకుండా గొడవ పడితే బర్రె ఉన్నామె, లేనామె ఒకరినొకరు తిట్టుకోవడమే మిగులుద్ది.

చివరి కుళాయి

ట్యాంకులో నీళ్లు సరిపోయినంత మాత్రాన చివరి ఇంటికి అందుతాయని లేదు. దీన్ని తేల్చడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక 20 లీటర్ల క్యాను, ఒక సెల్‌ఫోన్ ఉంటే చాలు. నీళ్లు వదిలినప్పుడు ట్యాంకు పక్క కుళాయి దగ్గర క్యాను నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. చివరి కుళాయి దగ్గర ఎంతసేపు పట్టిందో చూడండి. మొదటి కుళాయి దగ్గర ఒక నిమిషం, చివరి కుళాయి దగ్గర నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి. గంటసేపు నీళ్లు వదిలితే మొదటి ఇంటికి 1,200 లీటర్లు, చివరి ఇంటికి 300 లీటర్లు. చివరి ఇంటికి మనుషుల లెక్కే అతికష్టం మీద తీరుతుంది. ఆమెకి బర్రె కొనుక్కునే హక్కు కూడా పైపే తీసేసింది.

ఇక ఇద్దరు ముగ్గురు కుళాయికి మోటారు బిగిస్తే ఆ 300 కూడా ఉండవు. మోటారు లాగినప్పుడు పైపులో నీటి ఒత్తిడి తగ్గిపోయి, పైపుకి ఎక్కడ చిల్లి ఉంటే అక్కడి నుంచి మురుగు లోపలికి వస్తుంది. నీళ్లు రావట్లేదని గుంత తవ్వి కుళాయిని కిందికి దించుకునే ఇళ్లల్లోనూ ఇదే ప్రమాదం. ఆ గుంతలో నిలిచిన మురికి నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు పైపులోకి పోతాయి. ఆ నీళ్లు తాగేది మోటారు బిగించిన ఇంటి పిల్లలు కూడా.

అందుకే క్లోరిన్ పరీక్ష కూడా ట్యాంకు కింద కాదు, చివరి కుళాయి దగ్గర చేయాలి. అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ పరీక్ష చేయడానికి ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వాలని, కిట్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు, కిట్టు ఎక్కడుంది అని వచ్చే మీటింగులోనే అడగండి. పేర్లు కాగితం మీదే ఉండి కిట్టు బీరువాలో ఉంటే, బయటికి తీయించండి.

నీళ్లు మూడు రకాలు

అన్ని పనులకీ ఒకే నీళ్లు అక్కర్లేదు. తాగడానికి, వంటకి ఒక రకం. పశువులకి, గిన్నెలకి, బట్టలకి ఒక రకం. చెట్లకి ఒక రకం. పెద్ద పథకం నీళ్లు ఊరికి రాగానే చాలా చోట్ల పాత బోరుని వదిలేశారు. సింగిల్ ఫేజ్ మోటారు పాడైపోయి, పక్కన సిస్టర్న్ పగిలిపోయి ఉంటది. దాన్ని బాగు చేసుకుంటే పశువుల తొట్టికి, బట్టలకి ఆ నీళ్లు వాడుకోవచ్చు. దూరం నుంచి శుద్ధి చేసి తెచ్చిన నీళ్లు మనుషులకు మిగులుతాయి. ఉపాధి హామీ పనుల్లో మన రాష్ట్రంలో పశువుల తొట్లు కట్టారు. చాలా తొట్లకి నీళ్ల దారి లేక ఎండి ఉన్నాయి. పాత బోరుకి, ఎండిన తొట్టికి ఒక పైపు కలిపితే రెండూ పనికొస్తాయి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాత బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా, అంతకు మించకూడదు. మన జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. అది మరీ ఎక్కువుంటే పశువుల పళ్లు, ఎముకలు కూడా దెబ్బతింటాయి. రెండోది, పాత బోరు పైపుని తాగునీటి పైపుతో ఎప్పుడూ కలపకూడదు. "ఈ ఒక్క నెలకే" అని కలిపిన పైపుని మళ్లీ ఎవరూ విడదీయరు.

అసలు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి

బర్రెల దగ్గర మనం కొట్లాడుకుంటున్నాం కానీ, ఊరి నీళ్లలో ఎక్కువ భాగం కుళాయిల్లో పోవట్లేదు. ఒక ఎకరం వరికి పంట మొత్తానికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు లెక్క వేస్తే 48 లక్షల లీటర్లు. వెయ్యి మంది ఉన్న ఊరికి మనిషికి 55 చొప్పున ఏడాదంతా ఇస్తే 2 కోట్ల లీటర్లు. అంటే నాలుగు ఎకరాల వరి నీళ్లు, వెయ్యి మంది ఏడాది నీళ్లు దాదాపు సమానం. మనం చెప్పుకున్న 100 బర్రెలు ఏడాదంతా తాగే నీళ్లు 27 లక్షల లీటర్లు. అర ఎకరం వరి కంటే కాస్త ఎక్కువ, అంతే.

మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకి ఇంకుద్ది, నిజమే. కానీ మన అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. అది మొత్తం ఎకరం మీద పడితే 22 లక్షల లీటర్లు. మన గట్టి రాతి నేలల్లో అందులో పదో వంతు ఇంకితే గొప్ప. ఎకరం వరికి కావలసిన నీళ్లు ఇరవై ఎకరాల మీద ఇంకిన వాన అన్నమాట. తాగునీటి బోరు పక్కనే కొత్త బోరు వేసి వరి పెడితే మన కుళాయి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి చట్టం ఉంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అంటాం. ఊరికి తాగునీళ్లు ఇచ్చే బోరుకి 250 మీటర్ల లోపు సేద్యానికి కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. చట్టం మన ఇంటి మగవాళ్లకి కూడా వర్తిస్తుంది. బోరు లారీ ఊళ్లోకి వచ్చాక అడ్డం పడితే గొడవ అవుతుంది. రాకముందే, ఇంట్లోనే అడగాలి: "ఎక్కడ వేస్తున్నారు? తాగునీటి బోరుకి ఎంత దూరం?"

వేరే చోట్ల ఎట్లా చేశారు

మాటలతో సరిపెట్టకుండా నిజంగా చేసి చూపించిన చోట్లు ఉన్నాయి. మన జిల్లాలోనే మొదలుపెడదాం. 2003 నుంచి కొన్నేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు అని ఒకటి నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్, ఈ ఏడు జిల్లాల్లో. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు ఒకచోట కూర్చుని, భూమిలో నీళ్లు ఇన్ని ఉన్నాయి, మనం వేద్దామనుకున్న పంటలకి ఇన్ని కావాలి అని లెక్క కట్టారు. వరి వేయొద్దని ఎవరూ హుకుం ఇవ్వలేదు. లెక్క కళ్ల ముందు కనిపించాక చాలామంది తామే వరి తగ్గించి తక్కువ నీళ్ల పంటలకి మారారు.

మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లా హివరే బజార్ అని కరువు ఊరు. అక్కడా వాన మనకంటే ఎక్కువేం పడదు. సేద్యానికి బోర్లు వేయకూడదని, చెరకు, అరటి లాంటి పంటలు వద్దని గ్రామసభలో కట్టుబాటు చేసుకున్నారు. ఏటా వాన లెక్క చూసి, మనుషుల నీళ్లు, పశువుల నీళ్లు ముందు పక్కన పెట్టి, మిగిలిన నీళ్లకే పంటలు వేస్తారు. ఒకప్పుడు వలస పోయిన ఊరు ఇప్పుడు పాడి మీద నిలబడింది. పశువుల నీళ్లని దొంగ నీళ్లుగా చూడలేదు, లెక్కలో మొదటే పెట్టారు. మనం గుర్తుంచుకోవలసింది అదే.

నేపాల్ కొండల్లో, పాల్పా, స్యాంగ్జా జిల్లాల ఊళ్లల్లో ఊట నీళ్లకి రెండు ట్యాంకులు కట్టుకున్నారు. ఊట నీళ్లు ముందు ఇంటి వాడకం ట్యాంకులోకి పోతాయి. అది నిండి పొర్లిన నీళ్లే రెండో ట్యాంకులోకి పోయి, అక్కడి నుంచి కూరగాయల మడులకి డ్రిప్పుతో అందుతాయి. ఇల్లు నిండాకే పొలానికి. ఎవరూ కాపలా ఉండక్కర్లేదు, ట్యాంకే ఆ వరుస కాపాడుతుంది. మనకి కొండ ఊట లేదు. కానీ వేర్వేరు ట్యాంకులు, వేర్వేరు వేళలు పెట్టుకోవడం మనమూ చేయవచ్చు.

గుజరాత్‌లో సేవా సంఘం స్త్రీలు చేతి పంపులు బాగు చేయడం నేర్చుకుని, పానాలు పట్టుకుని ఊళ్లు తిరిగారు. మొదట నవ్వినవాళ్లే తర్వాత పంపు పాడైతే వాళ్ల కోసం కబురు పంపారు. గేటు వాల్వు తిప్పడం, వాషర్ మార్చడం, లీకేజీ కట్టడం మనకి రాని విద్యలు కావు.

మన పంచసూత్రాలు నీళ్లకి కూడా

ఇవన్నీ విన్నాక, "ఇంత పని మన వల్ల అవుద్దా?" అని మీరు అనొచ్చు. మేము అడిగేది ఒక్కటే. డబ్బుని నడిపించినట్టే నీళ్లని నడిపించగలమా? పంచసూత్రాలు మనకి నోటికి వచ్చు. వాటినే నీళ్లకి పెట్టి చూద్దాం.

మొదటిది సమావేశం. గ్రామ సంఘం మీటింగులో నెలకి ఒకసారి నీళ్ల మాట ఉండాలి. వానలయ్యాక ఒకసారి, ఎండలు ముదరక ముందు ఫిబ్రవరిలో ఒకసారి నీళ్ల కోసమే కూర్చోవాలి. ఏప్రిల్‌లో కూర్చుంటే పంచుకోవడానికి నీళ్లు ఉండవు, కొట్లాడుకోవడానికి మనుషులే ఉంటారు.

రెండోది పొదుపు. ఇంకుడు గుంత, చెరువు పూడిక, వాడిన నీళ్ల కాలువ, ఇవి నీళ్ల పొదుపు. దీనితో పాటు డబ్బు పొదుపు కూడా కావాలి. మోటారు కాలేది ఎప్పుడూ మే నెలలోనే. ఆ రోజు చందాలకి తిరిగే బదులు ముందే ఒక నిధి ఉంటే సాయంత్రానికి మోటారు వస్తుంది.

మూడోది అంతర్గత అప్పు. అప్పు ఇచ్చేటప్పుడు ఎవరి అవసరం ముందు అని వరుస పెడతాం కదా. నీళ్లకీ వరుస ఉండాలి. మొదట ప్రతి ఇంటి తాగునీరు, వంట, శుభ్రత. రెండోది పశువుల తాగునీరు. మూడోది ఇడ్లీ బండి, బట్టలు ఉతకడం లాంటి చిన్న పనులు. నాలుగోది తోటలు, ఇళ్ల కట్టుబడి. ఎండాకాలంలో కోత పెట్టవలసి వస్తే కింద నుంచి కోస్తూ పైకి రావాలి. అందరికీ సమానంగా కోయడం న్యాయంలా కనిపిస్తుంది, కానీ కట్టుబడి ఇసుక తడపడాన్ని, పిల్లల తాగునీళ్లని ఒకే కత్తెరతో కోయకూడదు.

నాలుగోది తిరిగి చెల్లింపు. ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ కట్టాలి. ప్రతి ఇంటికీ ఒకే చిన్న రుసుము, పశువులు ఉన్న ఇంటికి తలకింత అదనం, వ్యాపారానికి వాడితే ఇంకొంత. ఒంటరిగా ఉండే ముసలమ్మ పక్కింటి పది బర్రెల కరెంటు బిల్లు మోయకూడదు. ఎంత అన్నది మీ ఊరు తేల్చుకోవాలి. వంద ఇళ్లు నెలకి 50 రూపాయలు కడితే ఏడాదికి 60,000. దానికి పంచాయతీ సొమ్ము కూడా కలవాలి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పంచాయతీలకి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే వాడాలని ముడి పెట్టింది. ఆ సొమ్ము దేనికి ఖర్చయిందో గ్రామసభలో అడిగే హక్కు మనకి ఉంది.

ఐదోది పుస్తకాలు. నీళ్లకి ఒక పుస్తకం పెట్టండి. మోటారు ఆన్ చేసిన టైం, ట్యాంకు నిండిన టైం, చివరి కుళాయి దగ్గర క్యాను నిండిన నిమిషాలు, క్లోరిన్ పరీక్ష, ఫిర్యాదులు, వసూలు, ఖర్చు. నవంబరులో నాలుగు గంటల్లో నిండే ట్యాంకు ఫిబ్రవరిలో ఆరు గంటలు తీసుకుంటుంటే, బోరు తగ్గిపోతోందని పుస్తకమే చెబుద్ది. రెండు నెలల ముందే తెలిస్తే దారి వెతకొచ్చు. ఆఫీసుకి పోయి "నీళ్లు రావట్లేదు సార్" అంటే "చూద్దాం" అంటారు. తేదీలతో, నిమిషాలతో పుస్తకం బల్ల మీద పెడితే "చూద్దాం" అనడం అంత సులువు కాదు.

ఈ పని పంచాయతీకి పోటీగా చేసేది కాదు. గ్రామ నీటి, పారిశుధ్య కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలని నియమం. ఆ సగం కుర్చీల్లో పేర్లు ఎవరివి, మాట్లాడేది ఎవరు? సంతకానికి మాత్రం ఇంటికి పుస్తకం పంపించే ఆనవాయితీ ఉంటే, అది ఆపించవలసింది మనమే.

మీ ముందు పెడుతున్న తీర్మానాలు

కార్యవర్గం ఈ సర్వసభ్య సమావేశం ముందు ఐదు తీర్మానాలు పెడుతోంది. చర్చించండి, మార్చండి, తర్వాతే చేతులెత్తండి.

1. ప్రతి గ్రామ సంఘం తన ఊళ్లో మనుషులు, పశువులు, చిన్న వ్యాపారాల నీళ్ల అవసరం లెక్క వేసి, ఆ లెక్కని గ్రామసభలో చదవాలి.

2. ప్రతి నెలా మొదటి కుళాయి దగ్గర, చివరి కుళాయి దగ్గర క్యాను పరీక్ష చేసి నీళ్ల పుస్తకంలో రాయాలి. చివరి వీధి సభ్యురాలు ఒకరు ఆ రోజు తప్పక ఉండాలి.

3. పాడికి, గొర్రెలకి అప్పు కోసం సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు "నీళ్లు ఎక్కడి నుంచి?" అనే ప్రశ్న చేర్చాలి. నీళ్ల దారి లేకపోతే అప్పు కాదనకూడదు. తొట్టి, పాత బోరు బాగు చేయడం, వాడిన నీళ్ల కాలువ లాంటి దారి చూపి అప్పుతో పాటే ఆ పని కూడా పెట్టించాలి.

4. కుళాయికి మోటారు బిగించకూడదనే కట్టుబాటు ముందు మన సభ్యుల ఇళ్లల్లో అమలు కావాలి. గుంత తవ్వి కుళాయి దించుకున్న ఇళ్లకి నీళ్లు పైకి వచ్చేలా వాల్వు వేళలు సరిచేయాలని కమిటీని అడగాలి. ఒత్తిడి ఇవ్వకుండా గుంత పూడ్చమనడం న్యాయం కాదు.

5. నీటి కమిటీలో ఉన్న ఆడవాళ్లందరూ మూడు నెలలకి ఒకసారి మండల సమాఖ్యలో కలిసి తమ నీళ్ల పుస్తకాలు ఒకరికొకరు చూపించుకోవాలి.

అక్కలారా, బ్యాంకు గడప తొక్కనివ్వని రోజుల్లో మనం పది మందిమి కూర్చుని రూపాయి రూపాయి రాసుకుంటూ మొదలుపెట్టాం. ఎవరికి ముందు అవసరమో వాళ్లకి ముందు ఇచ్చాం. తీసుకున్నామె తిరిగి కట్టింది కాబట్టే ఇంకొకామెకి అందింది. నీళ్ల సంగతి కూడా ఇంతే. ట్యాంకు పక్క ఇంటామె వాల్వు కట్టేసిన టైంకి కట్టేస్తేనే చివరి ఇంటామె బిందె నిండుద్ది, ఆమె బర్రె కూడా తాగుద్ది.

ఇప్పుడు తీర్మానాల మీద చర్చ మొదలుపెడదాం. ముందు పైపు చివరి వీధుల నుంచి వచ్చిన అక్కలు మాట్లాడాలని కోరుతున్నాం. మిగతావాళ్లం వింటాం.